టాహో కొండెక్కే ముందు చైన్లు ఇంటి దగ్గరే కట్టి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫ్రీమాంట్‌లో ఉంటున్నారు, అమెరికా వచ్చి రెండేళ్లయింది. డిసెంబరు చివరి వారంలో గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లకు మంచు చూపించాలని సియెర్రా కొండల్లో ఉన్న సౌత్ లేక్ టాహోలో మూడు రాత్రులకు ఇల్లు బుక్ చేశారు. కారేమో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కామ్రీ. మంచులో జారకుండా టైర్లకు చుట్టే చైన్లు కొనాలా, నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్ బండి అద్దెకు తీసుకుంటే ఆ గొడవ తప్పుతుందా, శ్రీశైలం ఘాట్‌లో నడిపిన అనుభవం ఇక్కడ అక్కరకొస్తుందా?

చైన్లు కొనండి. కొన్నాక మీ ఇంటి ముందు, పగటి వెలుగులో, పొడి నేల మీద రెండుసార్లు కట్టి విప్పండి. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే. పద్నాలుగు చలికాలాలుగా ఈ దారిలో తిరుగుతున్నాను. రోడ్డు పక్కన దిక్కు తోచక నిలబడ్డ మనవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది దగ్గర చైన్లు ఉంటాయి. కాకపోతే పెట్టె సీలు అక్కడే చింపుతుంటారు.

నేనూ అలాగే చింపాను, మొదటి ఏడాది. టాహో వైపు కొండెక్కే ఐ-80 హైవే మీద కింగ్‌వేల్ దగ్గర, రాత్రి ఏడు దాటింది. చైన్లు తప్పనిసరి అన్న బోర్డు వెలుగుతోంది, బళ్లన్నీ పక్కకు తీస్తున్నారు. డిక్కీలో రైస్ కుక్కర్ కింద ఉన్న పెట్టెను లాగి విప్పితే రెండు కేబుల్ చైన్లూ ఊరగాయ జాడీలోంచి తీసిన మిరపకాయల్లా ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. చేతికి ఊలు గ్లౌజులు. నిమిషంలో తడిసి, రెండో నిమిషానికి వేళ్లు తిమ్మిరెక్కాయి. మోకాళ్ల కింద సగం నీళ్లు, సగం మంచు కలిసిన బురద. నా స్నేహితుడు ఫోన్ టార్చి పట్టుకున్నాడు, ఇంకో చేత్తో సూచనల కాగితం. అది తడిసి బొమ్మలు కారిపోయాయి. ఒక చక్రానికి నలభై నిమిషాలు పట్టింది. రెండోది కూడా ఎలాగో అయిందనిపించి లేస్తుంటే పసుపు రెయిన్‌కోటు వేసుకున్న చైన్ ఇన్‌స్టాలర్, అంటే డబ్బు తీసుకుని చైన్లు కట్టిపెట్టే ఆయన ఒకాయన వచ్చి నిలబడ్డాడు. నవ్వు ఆపుకుంటూ, నీ కారును లాగేది ముందు చక్రాలా, వెనక చక్రాలా అని అడిగాడు. అప్పుడు వెలిగింది. మన లారీలన్నీ వెనక నుంచి నెట్టేవే కదా, ఆ అలవాటులో వెనక చక్రాలకు కట్టేశాను. నా కారేమో ముందు చక్రాలతో లాగేది. డబ్బులిస్తే ఆయన రెండూ విప్పి, కబుర్లు చెబుతూనే ఐదారు నిమిషాల్లో ముందు చక్రాలకు బిగించి వెళ్లాడు.

అందుకే ఇంటి దగ్గరే కట్టి చూడమంటున్నాను. ఎలా కట్టాలో చెప్తాను. ముందు సైజు చూసుకోండి. టైరు పక్కన 215/55ఆర్17 లాంటి అంకెలుంటాయి, పెట్టె మీద అవే అంకెలు ఉండాలి. ఒకే కామ్రీలో మోడల్‌ను బట్టి చక్రాల సైజు మారుతుంది, కాబట్టి స్నేహితుడి కామ్రీ చైన్లు మీకు సరిపోతాయనుకోకండి. తర్వాత కారు మాన్యువల్‌లో చైన్ల పేజీ చదవండి. కార్లలో టైరుకూ లోపలి భాగాలకూ మధ్య సందు తక్కువ, అందుకే చాలా కార్లకు ఎస్ క్లాస్ రకం, అంటే సన్నగా ఉండే కేబుల్ చైన్లే వేయమంటారు. పెద్ద చక్రాలున్న కొన్ని మోడళ్లకు అసలు వేయొద్దనే రాసి ఉంటుంది. ఏ చక్రాలకు వేయాలో కూడా అందులోనే ఉంటుంది. మీ కామ్రీకి ముందు చక్రాలు. టెస్లా మోడల్ 3, మోడల్ వై అయితే వెనక చక్రాలు. ఆల్ వీల్ డ్రైవ్ బళ్లలో కంపెనీని బట్టి మారుతుంది, అక్కడ ఊహకు పని చెప్పకండి.

కారును చదునైన చోట ఆపి, పార్కింగ్ బ్రేక్ వేయండి. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పితే ముందు చక్రం వెనక చెయ్యి పట్టేంత చోటు వస్తుంది. చైన్‌ను నేల మీద పరిచి ఒక్క మెలిక కూడా లేకుండా సరిచేయండి. ఇక్కడ రెండు నిమిషాలు పెడితే తర్వాత ఇరవై నిమిషాలు మిగులుతాయి. కొక్కేల నోళ్లు టైరు వైపు కాకుండా బయటికి చూడాలి, లేదంటే టైరు పక్క గోడను గీకుతాయి. చైన్‌ను టైరు పైనుంచి దుప్పటి కప్పినట్టు వేసి, రెండు అంచులూ కిందికి లాగి, ముందు లోపలి వైపు కొక్కెం తగిలించండి. ఈ లోపలి కొక్కెమే అసలు పరీక్ష. కంటికి కనపడదు, వేళ్లతో తడిమి పెట్టాలి. అది పడ్డాక బయటిది తగిలించి, రబ్బరు టెన్షనర్‌తో అన్ని వైపులా సమానంగా బిగించండి. రెండో చక్రం కూడా అలాగే. ఇంటి ముందు అయితే అక్కడితో ఆపి, విప్పేసి, మళ్లీ కట్టండి. ఈసారి ఆ లోపలి కొక్కెం కళ్లు మూసుకుని పెట్టండి. కొండ మీద చీకట్లో మీరు చేయబోయేది అదే.

కొండ మీద కట్టాక ఒక వంద అడుగులు నెమ్మదిగా నడిపి, సురక్షితమైన చోట ఆగి మళ్లీ బిగించాలి. కొత్తగా కట్టిన చైన్ తప్పనిసరిగా కాస్త వదులవుతుంది. నేను రెండో ఏడాది ఇది ఎగ్గొట్టాను. పది నిమిషాల్లో టైరు వైపు నుంచి టప్ టప్ టప్ అని చప్పుడు. పాటల సౌండు పెంచాను, అంతకంటే తెలివి తక్కువ పని ఇంకోటి లేదు. దిగి చూస్తే కేబుల్ ఒకటి తెగి, తిరిగినప్పుడల్లా ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌ను కొరడాతో కొట్టినట్టు కొడుతోంది. అదే దెబ్బ బ్రేకు పైపుకో, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) వైరుకో తగిలితే పని ఎక్కడికో పోయేది. చప్పుడు వినపడితే ఆపండి. ఊరికే వచ్చే చప్పుడు ఉండదు.

ఇక మీ రెండో ప్రశ్న, అద్దె బండి. దీనికి కాలిఫోర్నియా నియమాలు తెలియాలి. రోడ్లు చూసే కాల్‌ట్రాన్స్ వాళ్లు మూడు మెట్లు పెట్టారు. ఆర్1 అంటే టూ వీల్ డ్రైవ్ కార్లకు లాగే చక్రాల మీద చైన్లో, స్నో టైర్లో ఉండాలి. ఆర్2 అంటే అందరికీ చైన్లు, నాలుగు చక్రాలకూ స్నో ట్రెడ్ టైర్లున్న ఫోర్ వీల్, ఆల్ వీల్ డ్రైవ్ బళ్లకు తప్ప. ఆర్3 అంటే మినహాయింపు ఎవరికీ లేదు, కానీ అంతవరకూ రాకముందే రోడ్డు మూసేయడం ఎక్కువ. నేను తిరిగిన రోజుల్లో ఎక్కువగా చూసింది ఆర్2. అంటే మీ కామ్రీకి చైన్లు తప్పవు.

ఆల్ వీల్ డ్రైవ్ అయితే ఆర్2లో కట్టకుండా పోనిస్తారు నిజమే, రెండు షరతులు ఉన్నాయి. టైర్ల మీద ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో) అనో, కొండ మధ్యలో మంచురేకు బొమ్మో ఉండాలి, గాడి లోతు కనీసం 6/32 అంగుళం ఉండాలి. సగం అరిగిన టైర్లకు అది ఉండదు. రెండో షరతు చాలామందికి తెలియదు: కట్టకపోయినా చైన్లు బండిలో ఉండి తీరాలి. ఇక్కడే అద్దె బండి మెలిక. చాలా అద్దె కంపెనీల ఒప్పందాల్లో చైన్లు వేయకూడదని సన్న అక్షరాల్లో ఉంటుంది, వేసినప్పుడు బండి దెబ్బతింటే బిల్లు మీదే. టైర్లు ఎలాంటివి వస్తాయో చేతికొచ్చేదాకా తెలియదు. సంతకం చేసే ముందు ఈ రెండూ అడగండి. నన్నడిగితే, మంచి టైర్లతో చైన్లు వేసిన మీ కామ్రీయే మేలు. దాని బ్రేకు, దాని స్టీరింగ్ మీ కాళ్లకూ చేతులకూ అలవాటు.

ఇంకో మాట. ఆల్ వీల్ డ్రైవ్ కదిలించడానికే తప్ప ఆపడానికి కాదు. బ్రేకు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకే ఉంటుంది, ఆపేది టైరు గ్రిప్పే. తుఫాను రోజు గుంటలో ముక్కు గుచ్చుకున్న బళ్లను లెక్కపెట్టండి, పెద్ద ఎస్‌యూవీలు తక్కువేం ఉండవు. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేకపోవడంతో వాళ్లకు వేగం తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది.

ఆ దిగడం దగ్గరే మీ శ్రీశైలం అనుభవం పనికొస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలని మన డ్రైవర్లు చెప్పే మాట ఇక్కడ బంగారం. మీరు వెళ్లే హైవే 50 మీద ఎకో సమ్మిట్ ఎత్తు 7,382 అడుగులు, అక్కడి నుంచి కింద ఉన్న మైయర్స్ ఊరి వరకు ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క లోయ. దారి సన్నం, వంపులు ఎక్కువ. ఆటోమేటిక్ బండైనా కింది గేరుకు మార్చుకునే వీలుంటుంది, ఏ మీట ఎటు తిప్పాలో ఫ్రీమాంట్‌లోనే చూసుకోండి. వేగం వంపులోకి వెళ్లకముందే, తిన్నగా ఉన్నచోటే తగ్గించాలి. వంపులో బ్రేకు తొక్కితే మీ కారుకు ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. చైన్లు ముందు చక్రాలకే ఉంటాయి. ముందు చక్రాలు గట్టిగా పట్టుకుంటాయి, వెనకవి ఒట్టి టైర్లు, పైగా దిగుడులో బరువంతా ముందుకు వాలి వెనక భాగం తేలికవుతుంది. అప్పుడు వెనక భాగం పక్కకు జారి ముందుకు రావాలని చూస్తుంది. చైన్లు కట్టాం కదా అనే ధైర్యం దిగుడులో సగానికి తగ్గించుకోండి. చైన్లున్నప్పుడు వేగపరిమితి ఎలాగూ గంటకు 25 నుంచి 30 మైళ్లే, బోర్డు మీద ఏది ఉంటే అది.

ఘాట్ అలవాట్లలో ఇక్కడ పనికిరానివీ ఉన్నాయి. అక్కడ మనం వంపులో చటుక్కున స్టీరింగ్ తిప్పి, చటుక్కున సరిచేస్తాం. మంచు మీద చటుక్కున అనే మాటే ఉండకూడదు. ఒడిలో నిండు చారు గిన్నె పెట్టుకుని నడుపుతున్నట్టు నడపాలి. ముందు బండికీ మీకూ మధ్య ఎనిమిది, పది సెకన్ల దూరం వదలండి. ఎవరో ఒకరు ఆ సందులో దూరతారు, దూరనివ్వండి. ఏబీఎస్ పనిచేస్తే కాలి కింద పెడల్ గడగడలాడుతుంది. భయపడి కాలు తీయకండి, అలాగే నొక్కి ఉంచండి.

మన భాషలో ఒక చిక్కుంది. లంబసింగిలో పొద్దున్నే కమ్మేదీ మంచే, గడ్డి మీద చుక్కలూ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచుగడ్డే. ఇక్కడ మాత్రం ఏ మంచో తెలిస్తేనే కాలు ఎంత నొక్కాలో తెలుస్తుంది. అప్పుడే పడ్డ పొడి మంచు మీద చైన్లు హాయిగా కరుచుకుంటాయి. పసిఫిక్ తేమతో వచ్చే తుఫానుల వల్ల ఇక్కడ ఎక్కువగా పడేది నీరు పట్టిన బరువైన మంచు, దీనికే సియెర్రా సిమెంట్ అని పేరు. పారతో ఎత్తి చూడండి, పేరు ఎందుకొచ్చిందో నడుము చెప్తుంది. ఇక అన్నింటికన్నా మోసకారి బ్లాక్ ఐస్. మధ్యాహ్నం కరిగిన నీళ్లు సాయంత్రం నీడ పడ్డచోట గడ్డకడతాయి. చూస్తే తడి తారురోడ్డులా ఉంటుంది. వంతెనల మీద, చెట్ల నీడలో, కొండకు ఉత్తరం వైపు వంపుల్లో ముందుగా కడుతుంది. ఉష్ణోగ్రత 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఊగిసలాడుతుంటే పైన సన్నటి నీటి పొర ఉండి ఇంకా జారుతుంది. ఎదుటి బండి చక్రాల నుంచి నీళ్లు చిమ్మడం ఆగిపోయి, రోడ్డు మాత్రం ఇంకా తడిగా మెరుస్తుంటే వెంటనే అనుమానించండి.

తారు పూర్తిగా బయటపడ్డాక చైన్లు ఉంచుకోకండి. పొడి రోడ్డు మీద ఉక్కుకు పట్టు తక్కువ, కేబుళ్లు కూడా త్వరగా తెగుతాయి. చైన్లు విప్పే చోటు బోర్డు పెట్టి చూపిస్తారు, అక్కడే ఆగండి. కట్టేటప్పుడైనా, విప్పేటప్పుడైనా కాళ్లు రోడ్డు వైపు చాచి పడుకోకండి. వెనక వచ్చేవాడూ జారుతున్నాడని గుర్తుంచుకోండి. నడుం సహకరించదనుకుంటే ఇన్‌స్టాలర్లున్నారు. వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కాదు, పర్మిట్‌తో సొంతంగా పనిచేసేవాళ్లు, బట్టల మీద నంబరున్న బ్యాడ్జి ఉంటుంది. ధర ముందే అడిగి, ఆ నంబరు గుర్తుపెట్టుకోండి. వాళ్లకు చైన్లు అమ్మే, అద్దెకిచ్చే అనుమతి లేదు, కాబట్టి అక్కడికెళ్లి వాళ్ల దగ్గరే కొందామనుకుంటే కుదరదు. కొండ కింది ఊళ్లలో కూడా తుఫాను రోజు మీ సైజు ఉంటుందన్న నమ్మకం లేదు. ఫ్రీమాంట్‌లోనే కొనండి. వాడకపోతే సీజన్ చివర్లో వెనక్కి తీసుకునే షాపులు కొన్ని ఉన్నాయి, రసీదు దాచుకోండి.

బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో కాల్‌ట్రాన్స్ వాళ్ల రోడ్ల మ్యాప్, క్విక్‌మ్యాప్ చూడండి, లేదా 800-427-7623కు ఫోన్ చేసి రోడ్డు నంబరు చెప్పండి. దారి మధ్యలో పాస్, అంటే కొండ దాటే దారి, మూసేస్తే ఫోన్ మ్యాప్ ఏదో పక్క రోడ్డు చూపించి గంట ఆదా అంటుంది. నమ్మకండి. పెద్ద రోడ్డు మూసినప్పుడు ఖాళీగా కనపడే చిన్న రోడ్డు, మంచు తీయకుండా వదిలేసినది కాబట్టే ఖాళీగా ఉంటుంది. పెద్ద తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణమే వాయిదా వేయండి. 2024 మార్చి మొదట్లో వచ్చిన తుఫానుకు ఐ-80ని వారాంతమంతా మూసేశారు. డానర్ పాస్ దగ్గర సోడా స్ప్రింగ్స్‌లో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల మంచు ప్రయోగశాల ఉంది, 2022-23 చలికాలంలో అక్కడ 754 అంగుళాల మంచు కొలిచారు. అంటే అరవై అడుగుల పైమాటే. ఆ పాస్‌కు పేరొచ్చిందే 1846లో అక్కడ మంచులో చిక్కుకుపోయిన డానర్ బృందం అనే వలసదారుల వల్ల. ఇంటి అద్దె డబ్బులు పోతాయన్న బాధ నాకూ తెలుసు, ఒకసారి పోగొట్టుకున్నాను కూడా.

పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి ఇంకొన్ని. నాలుగు గంటల ప్రయాణం పది గంటలు కావచ్చని ముందే చెప్పి తీసుకెళ్లండి. కొండెక్కే ముందు ప్లాసర్‌విల్‌లో ఆగి బాత్రూం పని, పెట్రోలు, రెండూ ముగించండి, అవసరం లేకపోయినా. మా అత్తగారు పులిహోర, దద్దోజనం కట్టిస్తే ఇంత ఎందుకని విసుక్కున్నాను. ఆ సాయంత్రం రోడ్డు మూసి ఐదు గంటలు కదలకుండా కూర్చున్నప్పుడు పక్క కారు వాళ్లకు కూడా పెట్టాం. దుప్పట్లు, మందులు, నీళ్లు, టార్చి డిక్కీలో వద్దు, చేతికందేలా లోపల పెట్టండి. ఎక్కువసేపు మంచులో ఇరుక్కుంటే ఇంజను ఆన్ చేసే ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే విషవాయువు కారు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. ఈ పేరాలో ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

చిన్న విషయాలు రెండు మూడు. వైపర్ నీళ్లు ఇక్కడ పోసినవి అక్కడ గడ్డకడతాయి, చలికి తట్టుకునే రకం కొని పోయండి. రాత్రి వైపర్లు పైకి లేపి ఉంచండి. పొద్దున్నే అద్దం మీద ఐసు పేరుకుంటే వేడినీళ్లు పోయకండి. మా నాన్న ఫ్లాస్కు ఎత్తి పోయబోతుంటే ఆఖరి క్షణంలో చెయ్యి పట్టుకున్నాను, ఆ వేడికి అద్దం పగలొచ్చు. గీకడానికి ప్లాస్టిక్ స్క్రేపర్ నాలుగైదు డాలర్లకు దొరుకుతుంది. గ్లౌజులు రబ్బరువి తీసుకోండి, ఊలువి ఫొటోలకు ఉంచుకోండి. మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాట్‌ను మించింది లేదు.

తిరిగొచ్చాక చైన్లను అలాగే సంచిలో కుక్కకండి. రోడ్డు మీద చల్లిన ఉప్పు వాటికి పట్టి ఉంటుంది, వచ్చే ఏటికి తుప్పే మిగులుతుంది. బకెట్ వేడినీళ్లలో జాడించి, ఎండలో ఆరబెట్టి, మెలికలు తీసి వేలాడదీయండి. నావి గ్యారేజీలో ఆవకాయ జాడీల పైన మేకుకు వేలాడుతుంటాయి. మా ఆవిడకు అది ససేమిరా ఇష్టం లేదు, కానీ నవంబరు వచ్చేసరికి సైజు సరిపోయిందా, ఒకసారి కట్టి చూశారా అని మొదట అడిగేది ఆవిడే.